బారెన్ దీవి అగ్నిపర్వతానికి ఓడ యాత్ర: అనంతపురం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం క్లాక్ టవర్‌కు దగ్గర్లో మాదొక చిన్న ట్రావెల్స్ ఆఫీసు. తిరుపతి, షిర్డీ, కాశీ తర్వాత ఈమధ్య ఎక్కువగా వినబడుతున్న పేరు అండమాన్. అండమాన్ అనగానే పిల్లలు ఫోన్ తీసి చూపించేది పొగలు కక్కే దీవి. "అన్నా, ఇదెక్కడ? ఎక్కనిస్తారా?" అని ఒకటే ప్రశ్నలు. నేను మూడుసార్లు బయల్దేరాను, రెండుసార్లు చూశాను. ఆ లెక్క ఎందుకు తేడా వచ్చిందో కింద చెప్తాను. రోజూ నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి ఇదంతా ఒకచోట రాసిపెట్టాను.

అసలు మన దేశంలో మండే అగ్నిపర్వతం ఉందా?

ఉంది, ఒక్కటే ఒక్కటి. అండమాన్ సముద్రంలో బారెన్ అనే దీవి. అండమాన్ రాజధానికి (2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు అనంతపురం నుంచి కర్నూలుకు పోయినంత. కాకపోతే దారిలో గుత్తి రాదు, టీ కొట్టు రాదు, నీళ్లు తప్ప ఏమీ రాదు.

దీవి అడ్డంగా మూడు కిలోమీటర్లు ఉంటుంది. నీళ్లమీద కనిపించే ఎత్తు 350 మీటర్ల చిల్లర. అది చూసి "ఇంతేనా" అనుకోవద్దు. సముద్రం అడుగు నుంచి కొలిస్తే రెండు వేల మీటర్ల పైమాటే. మనం చూసేది కొండ నెత్తిన ఉన్న సిగ మాత్రమే.

దీవి మీద దిగనిస్తారా?

దిగనివ్వరు. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగం మంది ఈ జవాబు విని లేచిపోతారు. లేచిపోయినా పర్వాలేదు, ముందే చెప్పడం నా ధర్మం.

అది వన్యప్రాణుల అభయారణ్యం. మనుషులెవరూ ఉండరు. పరిశోధన చేసేవాళ్లు కూడా అటవీశాఖ అనుమతి తీసుకునే పోవాలి. మామూలు యాత్రికులు ఓడలోనుంచి చూసి రావడమే. ఎవరన్నా "మాకు లోపలి మనుషులు తెలుసు, దింపుతాం" అంటే అడ్వాన్సు కట్టకండి. నేను కట్టి చెప్తున్నాను. మొదటిసారి ఒక ఏజెంటు ఫోన్‌లో "అరగంట ల్యాండింగ్" అని నమ్మబలికాడు. తీరా ఓడెక్కాక ల్యాండింగ్ ఊసే లేదు. అడిగితే "సార్, అది విమానం ల్యాండింగ్" అన్నాడు. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

దిగనివ్వకపోవడం మన మంచికే. న్యూజిలాండ్‌లో వైట్ ఐలాండ్ అని ఇట్లాంటిదే ఒక దీవి ఉంది. అక్కడ గైడ్లు యాత్రికులకు హెల్మెట్లు, మాస్కులు ఇచ్చి పడవలో తీసుకుపోయి బిలం (అగ్నిపర్వతం నోరు) అంచుదాకా నడిపించేవాళ్లు. 2019 డిసెంబరు 9న మధ్యాహ్నం అది ఉన్నట్టుండి పేలింది. ఆ సమయానికి దీవి మీద 47 మంది ఉన్నారు, వాళ్లలో 22 మంది చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామందికి ఒళ్లంతా కాలిన గాయాలు. లావా తగిలి కాదు, వేడి ఆవిరి, బూడిద కమ్ముకుని. అంతకుముందు వారాల్లోనే అక్కడ హెచ్చరిక స్థాయి ఒక మెట్టు పెంచారు, అయినా యాత్రలు ఆగలేదు. యాత్రలు నడిపిన కంపెనీలు తర్వాత కోర్టుల చుట్టూ తిరిగాయి, జరిమానాలు పడ్డాయి. పడి ఏం లాభం?

దిగేది లేకపోతే అంత దూరం పోవడమెందుకు? యూట్యూబ్‌లో చూస్తే చాలదా?

చాలు అనుకునేవాళ్లకు చాలు. నేను ఏం చూశానో చెప్తాను, మీరే తేల్చుకోండి.

రాత్రి బయల్దేరిన ఓడ తెల్లారేసరికి దీవి దగ్గరికి చేరింది. అండమాన్‌లో గడియారం మనదే గానీ సూర్యుడు మనకంటే చాలా ముందు లేస్తాడు. అయిదు దాటేసరికే వెలుగు. ముందు ఒక నల్లటి గీత కనిపించింది, మబ్బేమో అనుకున్నాం. దగ్గరయ్యేకొద్దీ అది గోడ అయింది. పడమటి వైపుకు తిరిగితే ఆ గోడ విరిగిపోయి ఉంది. పెదవి పగిలిన పెద్ద కుండను ఊహించుకోండి. ఆ పగులులోంచి లోపలికి చూస్తే, కుండ నడుమ బూడిద కుప్ప పోసినట్టు ఇంకో చిన్న కొండ. దాని కొస నుంచి తెల్లటి ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత కొంచెం తీసినప్పుడు వచ్చినట్టు, ఆగి ఆగి వస్తోంది.

ఆ పగులు నుంచి సముద్రం దాకా నల్లటి రాళ్లు పారి గడ్డకట్టాయి. కమ్మరి కొలిమి పక్కన పారేసే ఇనుప చిట్టెం చూశారు కదా, అచ్చం అట్లాగే గరుకుగా, బొక్కలు బొక్కలుగా. వాటి మీద గడ్డిపోచ లేదు. అదే తూర్పు వైపుకు ఓడ తిరిగితే చెట్లు, పచ్చదనం! బారెన్ అంటే ఇంగ్లీషులో బీడు అని అర్థం. పేరు పెట్టినవాడు పడమటి వైపు నుంచే చూసి వెళ్లిపోయాడేమో.

గాలి మా వైపు తిరిగినప్పుడు దీపావళి మరుసటి ఉదయం వీధిలో వచ్చే వాసన వచ్చింది. గంధకం. మా బృందంలో ధర్మవరం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసి, గట్టిగా ఒకసారి పీల్చింది. "ఇంత దూరం వచ్చింది దీనికే కదప్పా" అంది.

నిప్పు కనపడుతుందని గ్యారంటీ ఉందా?

లేదు. గ్యారంటీ ఇచ్చేవాడు అబద్ధం చెప్తున్నట్టే.

ఈ కొండకు ఒక అలవాటంటూ లేదు. 1787లో పేలినట్టు మొదటి రాతలున్నాయి. తర్వాత కొన్ని దశాబ్దాలు అప్పుడప్పుడూ పొగలు కక్కి, పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే నిద్రపోయింది. నిద్రంటే ఒకటిన్నర శతాబ్దం నిద్ర. అందరూ చచ్చిందనుకున్నారు. 1991లో లేచింది, నెలల తరబడి లావా పారింది. మళ్లీ 1994-95లో, మళ్లీ 2005 నుంచి కొన్నేళ్లు. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఓడలో అటువైపు పనిమీద పోయినప్పుడు వాళ్ల కళ్లముందే బూడిద కక్కింది. చీకటి పడ్డాక ఎర్రటి లావా ఎగజిమ్మడం చూశారు. 2025 సెప్టెంబరులోనూ చిన్నగా రెండుసార్లు పేలింది.

నేను మొదటిసారి చూసింది ఆవిరి మాత్రమే. ఇంకోసారి, ఇంకా చీకటి విడవకముందు, కొండ కొసన ఎర్రటి చుక్క కనిపించింది. బీడీ నిప్పంత. దమ్ము లాగినప్పుడు వెలిగినట్టు వెలిగి, మళ్లీ మసకబారింది. నాలుగైదు సార్లు. వెలుతురు వచ్చాక అదీ లేదు. కాబట్టి కుదిరితే చీకటి ఉండగా చేరే ట్రిప్పు ఎంచుకోండి. పగటిపూట నిప్పు ఉన్నా కంటికి ఆనదు.

మేం ఉన్నప్పుడే పేలితే?

ఈ కొండ ఎక్కువగా చేసేది చిన్న చిన్న పేలుళ్లు. లోపలి వాయువు బుడగలు పైకొచ్చి పగిలి, కరిగిన రాయిని తుంపర్లుగా చిమ్ముతాయి. సంగటి ఉడికేటప్పుడు బుడగ పగిలి చేతిమీద చిమ్ముతుంది చూడండి, అదే పద్ధతి. ఓడ నిలబడే దూరానికి ఆ రాళ్లు సాధారణంగా రావు. కొండ జోరుమీదుంటే ఓడలను ఇంకా దూరంగా ఉంచుతారు, లేదా ట్రిప్పే ఆపేస్తారు. కెప్టెన్ "ఇంతకన్నా దగ్గరికి పోను" అంటే వాదన పెట్టుకోకండి. ఒకసారి మావాళ్లే కొందరు "ఇంత డబ్బు పోసి వచ్చినాం, ఇంకొంచెం పోనీ" అని అరిచారు. ఆయన వినిపించుకోలేదు. మంచి పని చేశాడు.

నిజానికి నాకు కొండకన్నా ఎక్కువ భయం వేసింది మన జనంతోనే. కొండ కనపడగానే అందరూ ఒకే పక్కకు ఉరుకుతారు, ఫోన్లు చాచి రెయిలింగ్ మీద వాలతారు. సిబ్బంది హిందీలో మొత్తుకుంటూనే ఉంటారు. ఓడ దీవి చుట్టూ తిరుగుతుంది, మీ వైపూ వస్తుంది. కూర్చోండి.

ఏ నెలలో పోవాలి?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడే సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

మే నెలాఖరుకు ముందే అక్కడ వానలు మొదలవుతాయి. "నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి" అని టీవీలో వినగానే మన రైతులు చెనిక్కాయ విత్తనాలు వెతుక్కోవడం మొదలుపెడతారు కదా, ఆ మాటకు అర్థం అక్కడ ఓడలు కట్టేసుకునే కాలం వచ్చిందని. మనకు ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్లు అటూఇటూ, అక్కడ మూడు వేల దాకా. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల బెడద. డిసెంబరు బాగానే ఉంటుంది గానీ సెలవులకు జనం, రేట్లు మండిపోతాయి.

అనంతపురం నుంచి ఎట్లా పోవాలి?

బెంగళూరు విమానాశ్రయం మనకు కలిసొచ్చిన అదృష్టం. బెంగళూరు ఊళ్లోకి పోకుండానే హైవే మీద వస్తుంది, బస్సులో మూడు మూడున్నర గంటలు. అక్కడి నుంచి విమానంలో రెండున్నర గంటల పైన. కర్నూలు వాళ్లకు హైదరాబాదు దగ్గర. చెన్నై, విశాఖల నుంచి ఓడలూ ఉన్నాయి. సుమారు మూడు రోజుల ప్రయాణం, అదీ రోజూ ఉండదు. తీరిక, ఓపిక రెండూ ఉన్న రిటైరైన సార్లకు తప్ప నేను చెప్పను.

మన దేశస్థులకు శ్రీ విజయపురంలో తిరగడానికి, హేవ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) పోవడానికి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ ఒరిజినల్ ఉంచుకోండి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న అబ్బాయో కోడలో వెంట వస్తుంటే మాత్రం టికెట్లు కొనకముందే నాకు చెప్పండి, వాళ్ల రూల్సు వేరు.

ఓడలో ఎంతసేపు?

ఓడను బట్టి. వేగంగా పోయే ఫెర్రీ అయితే పోనూ నాలుగు గంటల పైన, రానూ అంతే. మామూలు ఓడ గంటకు 12 నాటికల్ మైళ్లు పోతుందనుకుంటే, దీవి దాకా ఉన్న 75 నాటికల్ మైళ్లకు (అదే 138 కిలోమీటర్లు) ఆరు గంటలు దాటుతుంది. దీవి దగ్గర ఉండేది గంట, మహా అయితే రెండు. ఈ ట్రిప్పులు రోజూ ఉండవు, కొన్ని తేదీలకే వేస్తారు. కాబట్టి ముందు ఓడ తేదీ చూసుకుని, దానికి తగ్గట్టు విమానం బుక్ చేసుకోండి. అందరూ తిరగేసి చేస్తారు.

స్కూబా డైవింగ్ వాళ్లు హేవ్‌లాక్ నుంచి వేరే పడవల్లో పోతారు. దీవి చుట్టూ నీళ్ల అడుగున చూడాల్సినవి బోలెడు అంటారు. అది నాకు చేతకాని పని, ఈత రాదు.

మేం సముద్రమే చూడలేదు. వాంతులవుతాయా?

అవుతాయి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఎనిమిది గంటల ప్రయాణంలో సగం ఓడ తల వాల్చేస్తుంది. నా సంగతి చెప్తే, మొదటిసారి బయల్దేరేముందు "ఓడలో ఏం దొరుకుతుందో ఏమో" అని మా ఆవిడ కట్టిచ్చిన ఉగ్గాని, బజ్జీలు సుష్టుగా తిన్నాను. రెండు గంటలు తిరక్కుండానే తిన్నదంతా అండమాన్ సముద్రానికి నైవేద్యం.

తర్వాత నేర్చుకున్నవి ఇవి. నూనె వస్తువులు, మిరపకాయ బజ్జీలు వద్దు. అట్లాగని ఖాళీ కడుపూ వద్దు, రెండు ఇడ్లీలో, అరటిపండో, నాలుగు బిస్కెట్లో తినండి. ఘాట్ రోడ్డు ప్రయాణానికి వేసుకునే వాంతుల మాత్ర ఓడ కదిలే గంట ముందు వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే మాత్రే బయటికొస్తుంది. బీపీ, షుగర్, ప్రోస్టేట్, గ్లకోమా మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు, పిల్లలకూ అంతే. ఓడ నడిమధ్యలో, కింది అంతస్తులో సీటు అడగండి, ఊపు తక్కువ. ముందుభాగంలో కూర్చుంటే ఎడ్లబండి మీద గుంతల దారి. ఫోన్ చూడొద్దు. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ ఉండండి. అల్లం మురబ్బా చప్పరిస్తే నాకు పనిచేసింది, నిమ్మకాయ వాసన మా ఆవిడకు పనిచేసింది. ప్లాస్టిక్ కవర్లు నాలుగు జేబులో పెట్టుకోండి, పక్కవాళ్లు ఆశీర్వదిస్తారు.

ముసలివాళ్లను, పిల్లలను తీసుకుపోవచ్చా?

మెట్లు ఎక్కి దిగగలిగినవాళ్లయితే పోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్, మంచి మాస్కు మరవొద్దు, గాలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. గుండె ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్లకు, నెలలు నిండుతున్నవాళ్లకు నేను టికెట్ తీయను. నడిసముద్రంలో ఆసుపత్రి లేదు.

ఓడ రద్దయితే డబ్బులు?

బుక్ చేసేముందే కాగితం మీద రాయించుకోండి. బయల్దేరకముందే రద్దయితే సాధారణంగా తిరిగి ఇస్తారు. సగం దారిలో వెనక్కి తిప్పితే? అక్కడే గొడవంతా.

నా మూడు ప్రయాణాల్లో ఒకటి ఇట్లాగే పోయింది. రెండు గంటలు పోయాక అలలు లేచాయి, కెప్టెన్ వెనక్కి తిప్పేశాడు. టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "వాతావరణం వల్ల వెనుదిరిగితే వాపసు లేదు" అని ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే. అప్పటినుంచి మా వాళ్లకు ఆ ఒక్క వాక్యం ఉందో లేదో నేనే వెతికి చెప్తున్నాను. ఇంకోటి, ఓడ రోజు తర్వాత కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. మరుసటి రోజే తిరుగు విమానం పెట్టుకున్నవాళ్లు ఓడ వాయిదా పడితే ముఖాలు వేలాడేసుకుని వస్తారు.

ఫోన్ పనిచేస్తుందా? డ్రోన్ ఎగరేయొచ్చా?

రేవు దాటిన కాసేపటికే సిగ్నల్ పోతుంది, ఇంట్లో ముందే చెప్పి రండి. డ్రోన్ అనుమతి లేకుండా కుదరదు, పెట్టెలోనే ఉండనీయండి.

అండమాన్‌లోనే బారాటంగ్ దీవిలో మట్టి అగ్నిపర్వతం ఉందట కదా, అది చూస్తే సరిపోదా?

అది పేరుకే అగ్నిపర్వతం. అందులో అగ్ని లేదు. భూమి లోపలి వాయువులు బురదను పైకి నెట్టుకొస్తాయి, బుడగ లేచి "బ్లుప్" మని పగులుతుంది. చల్లటి బురద. మన ఊర్లో బోరు వేసేటప్పుడు వచ్చే జిగట గుర్తొస్తుంది. పిల్లలు "ఇదేనా" అని మూతి ముడుస్తారు. అక్కడి సున్నపురాయి గుహలు కూడా బెలుం చూసినవాళ్లకు పెద్దగా ఆనవు.

అయితే దారిలో ఒక విషయం. ఆ రోడ్డు జరావా తెగవాళ్ల అడవిలోంచి పోతుంది. వాహనాలను గుంపుగా, పోలీసు కాపలాతో పంపిస్తారు. ఆపడం, ఫోటో తీయడం, బిస్కెట్లు విసరడం నేరం. వాళ్లు చూడ్డానికి పెట్టిన బొమ్మలు కారు. మీ ఇంటి ముందు బస్సాపి మీ పిల్లలకు ఎవరన్నా అరటిపండ్లు విసిరితే ఎట్లుంటుంది?

2004 సునామీ ఈ అగ్నిపర్వతం వల్లే వచ్చిందా?

కాదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన పెద్ద భూకంపం వల్ల. కొండ కొన్ని నెలల తర్వాత, 2005లో పేలింది. రెండింటికీ మూలం మాత్రం ఒకటే, మనం నిలబడ్డ భూఫలకం (భూమి పైపెంకులోని పెద్ద ముక్క) అక్కడికి పోయి పక్క ఫలకం కిందికి దూరుతోంది. అది దూరే చోట భూమి అదురుతుంది, లోతున రాయి కరిగి పైకి వస్తుంది.

ఆ దీవిలో మేకలున్నాయంట, నిజమేనా?

నిజమే! ఈ ప్రశ్న అడిగింది కళ్యాణదుర్గం వైపు గొర్రెలు మేపే తాత. మనవడి ఫోన్‌లో విన్నాడట. వెనకటి కాలంలో ఓడలవాళ్లు వదిలిపోయిన మేకల సంతతి అది. తూర్పు వైపు ఆకు అలము తిని బతుకుతున్నాయి. 1991లో కొండ పేలాక కూడా కొన్ని మిగిలాయి. నేను బైనాక్యులర్ పెట్టి వెతికాను గానీ ఒక్కటీ కనపడలేదు. తాతకు ఆ మాట చెప్తే "మేక కదా, నిన్ను చూసి రాయెనక నిలబడింటుంది" అన్నాడు.

అక్కడ మన భాష, మన తిండి?

భాషకు ఢోకా లేదు. ఊళ్లో తెలుగువాళ్లు బాగా ఉన్నారు, ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడినవాళ్లు. ఆటో ఎక్కి మీలో మీరు "వీడు ఎక్కువ చెప్తున్నాడు" అనుకునేముందు ఆలోచించండి. అన్నం, పప్పు, చేపలు దొరుకుతాయి. రాగి సంగటి మరిచిపోండి, కారప్పొడి మాత్రం వెంట తీసుకుపోండి.

కొబ్బరికాయ కొట్టొచ్చా? హారతి?

ఓడలో నిప్పు వెలిగించనివ్వరు. దండం పెట్టుకోవచ్చు, పూలు, ప్లాస్టిక్ నీళ్లలో వేయకండి. ఇందాక చెప్పిన ధర్మవరం పెద్దమ్మ ఏమీ లేకుండా ఊరికే రెండు చేతులూ హారతికి తిప్పినట్టు గాల్లో మూడుసార్లు తిప్పి కళ్లకద్దుకుంది. "ఆయమ్మ దగ్గర నిప్పుంది కదా, మనం తీసుకుపోవాల్నా?" అంది.

గుర్తుగా ఒక రాయన్నా తెచ్చుకోవచ్చా?

దిగేదే లేదు కాబట్టి ఆ దీవి రాయి దొరకదు. వేరే దీవుల్లో కూడా పగడపు ముక్కలు ఏరకండి, విమానాశ్రయంలో బ్యాగు తెరిపిస్తారు, అది చట్టరీత్యా నేరం. దుకాణంలో గవ్వలు కొంటే బిల్లు జాగ్రత్త.

రాయే కావాలంటే అంత దూరం ఎందుకు? చాలామంది కడప బండ నల్లగా ఉంది కాబట్టి లావా అనుకుంటారు, అది ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. లావా జాతి చూడాలంటే పులివెందుల, వేంపల్లె కొండల్లో రాతి పొరల మధ్య దూరి గడ్డకట్టిన నల్లరాయి ఉంది. ఇంకా చిత్రం మన వజ్రకరూరు. తొలకరి పడగానే జనం వంచిన తల ఎత్తకుండా చేలల్లో వజ్రాలు వెతుకుతారే, ఆ వజ్రాలను వంద కిలోమీటర్లకు పైగా లోతు నుంచి మోసుకొచ్చింది అగ్నిపర్వత గొట్టమే. కింబర్లైట్ అంటారు ఆ రాయిని. వంద కోట్ల ఏళ్ల కిందట ఎగదన్ని ఆరిపోయింది. పైకి కొండ కూడా మిగల్లేదు, నీలిపచ్చ మన్ను మిగిలింది.

బారెన్ ట్రిప్పు రద్దయి వెనక్కి వచ్చిన ఏడాది, మా చిన్నోడి ఏడుపు ఆపలేక గుంతకల్లు దాకా పోయి, అక్కడి నుంచి బస్సులో వాణ్ణి వజ్రకరూరు తీసుకుపోయాను. "పొగ ఏదీ?" అన్నాడు. అప్పుడే వచ్చి ఉండాల్సింది రా, లేటైంది అన్నాను.